టీవీ మింగిన అంచు

ఖర్జూరాల డబ్బాలో పెట్టి తెచ్చారు
అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద క్యాసెట్టు.
మూత మీద బాల్‌పెన్ను రాత:
చిందు, 2004, మూడో క్యాంపు. చెరపొద్దు.

సోహార్ బజారులో పెళ్ళిళ్ళ వీడియోలు కత్తిరించే కొట్టు యూసుఫ్‌ది.
రాత్రి పదయ్యాక కంప్యూటరు మాత్రం నాది.
"శుక్రవారం ఎయ్యాలె" అన్నాడు రాజేశం.
"క్యాంపు కూలగొడుతున్నరు. మెస్సు గోడంత కావాలె బొమ్మ."

మెస్సు గోడ ఇరవై అడుగులు.
క్యాసెట్టులో ఉన్నది అడ్డంగా ఏడొందల ఇరవై చుక్కలు,
నిలువునా ఐదొందల డెబ్భై ఆరు.
గుప్పెడు జొన్నలిచ్చి
ఊరంతటికీ గటక వండమన్నట్టు.

అప్పటి కెమెరా దేన్నీ నిండుగా చూడదు.
బేసి గీతలకో రెప్ప, సరి గీతలకో రెప్ప,
నడుమ సెకనులో యాభయ్యో వంతు.
ఆ సందులోనే
రాజు వేషం మల్లారి కాలు లేచింది.
చిన్న తెరలో ఎవరికీ తెలియలేదు.
పెద్దది చేస్తే కాలికి దువ్వెన పళ్ళు మొలిచాయి.
ఒక్కో సగానికి రెండో సగాన్ని ఊహించి పూరించాను.
వరుస తప్పింది;
ముందుకు దూకేవాడు గాల్లోనే వెనక్కీ ముందుకీ వణికాడు.
మళ్ళీ మొదటినుంచి.

"అటిటు నలుపెందుకు? సాగదియ్యి."
సాగదీసి చూపించాను.
మద్దెల గుమ్మడికాయైంది.
జూన్ ఎండలో ఇనుము మోసిన మనుషులు
ఒక్క నొక్కుకు బలిసిపోయారు.
"మరి పైనా కిందా కొయ్యి."
పైన కిరీటం పోతుంది, కింద గజ్జెలు,
ఏది వద్దో నువ్వే చెప్పన్నాను.
రాజేశం చాయ్ తాగాడు.
నలుపు అలాగే ఉండిపోయింది.

చీకట్లో ముసిరే రంగు రవ్వల్ని తుడిస్తే
మొహాలు మైనమయ్యాయి, చెమట కూడా పోయింది.
సగం తుడిచి వదిలేశాను.
పదును పెడితే తలల చుట్టూ తెల్లటి వలయాలు.
దేవుళ్ళ పటం చేసిపెట్టమని
నన్నెవరూ అడగలేదు.

లొంగనిది వెలుగొక్కటే.
కుడివైపు నుంచి పడే వెలుగు
ఉండుండి అదురుతుంది, జారుతుంది, మళ్ళీ నిలబడుతుంది.
మూడు రాత్రులు దానితోనే కుస్తీ.
దాన్ని నిలబెట్టే ఫిల్టరు దొరికిన రాత్రే
బొమ్మను అంచులదాకా విప్పి చూశాను.

పాత టీవీలు నాలుగు పక్కలా వేలెడు మింగేవి.
ఆ వేలెడులో, కుడి అంచున,
ఒక మోచెయ్యి.
పిండి అంటిన లుంగీ.
కర్రకు కట్టిన ట్యూబులైటు.

ఫిల్టరు తీసేశాను.

శుక్రవారం. ఎనిమిది దుప్పట్లు కుట్టిన తెర.
సముద్రం తేమకు ప్రొజెక్టరు అద్దాన్ని
పదినిమిషాలకోసారి తుడుస్తున్నాను.
ముందు వరసను వెనక్కి జరిపించాను:
దగ్గరైతే గడులు కనబడతాయి,
దూరమైతే కన్నే కుట్టుకుంటుంది.

నడి ఆటలో ఎవరో లేచి అరిచారు:
"గా లైటు పట్టింది మన వంట ఓదేలు గాదూ?"
మల్లారి గంతులు మల్లారికే వదిలి
తలలన్నీ కుడి అంచుకు తిరిగాయి,
అక్కణ్ణుంచి మెస్సు తలుపు దగ్గరికి.

జల్లిగంటె పట్టుకుని నిలబడ్డాడు ఓదేలు.
"రెండు గంటలు పట్టిన. చెయ్యి గుంజింది."
ఇంకాసేపు చూశాడు.
"క్యాసెట్టు ఇంటికి పంపితే
నువ్వేడున్నవని అడిగిరి.
లైటు కాడున్న అంటే నమ్మకపోయిరి."

నూనె కాగిందంటూ లోపలికి పోయాడు.
తెర మీద వెలుగు అదిరింది,
జారింది,
నిలబడింది.